తెల్లదారుల మీద సైకిల్ జట్టు

బస్సు కిటికీలోంచి కనిపించే ఇటలీ వేరు, సైకిల్ మీద నుంచి కనిపించే ఇటలీ వేరు. టస్కనీ పల్లెల్లో జట్టుగా సాగే సైకిల్ యాత్ర ఎలా ఉంటుంది? ఆ పొలాల వెనుక ఉన్న కథేమిటి? మన దగ్గర్నుంచి వెళ్లాలనుకునేవాళ్లు ఏం చేయాలి?

1997 అక్టోబరులో ఇటలీలోని గయోలె ఇన్ కియాంతి అనే చిన్న ఊళ్లో 92 మంది సైకిళ్లతో పోగయ్యారు. వాళ్ల పేచీ తారురోడ్డుతో. టస్కనీ కొండల్లో పొలానికీ పొలానికీ మధ్య, ఊరికీ ఊరికీ మధ్య తరతరాలుగా సాగుతున్న తెల్ల కంకర దారులు ఒక్కొక్కటే తారు కిందికి పోతున్నాయి. ఆ దారులు పోతే ఆ నేల ముఖమే మారిపోతుందని జన్‌కార్లో బ్రోచ్చి అనే స్థానికుడు గట్టిగా నమ్మాడు. నలుగురినీ కూడగట్టి, పాత సైకిళ్ల మీద ఆ దారులన్నీ తిరిగే యాత్ర పెట్టాడు. దానిపేరు ‘లెరోయికా’.

ఆ యాత్రకు కొన్ని నియమాలున్నాయి. సైకిల్ 1987కు ముందు తయారైనదై ఉండాలి. గేరు మార్చే మీట ఫ్రేము గొట్టం మీద ఉండాలి. బ్రేకు తీగలు హ్యాండిల్ బార్ మీదుగా బయటికి కనబడాలి. పెడల్ మీద పాదాన్ని పట్టీతో బిగించుకోవాలి. 92 మందితో మొదలైన యాత్రకు ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది వస్తారు. 2007లో అవే దారుల మీద వృత్తి సైక్లిస్టుల పందెం మొదలైంది. దాని పేరే ‘స్త్రాదె బియాంకె’, అంటే తెల్లదారులు. 2015 నుంచి మహిళలకూ ఆ పందెం ఉంది. దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలతో సైక్లిస్టులు సియెనా నగరంలోని ఇరుకు సందును ఎగబాకి, ‘పియాజా దెల్ కాంపో’ అనే మధ్యయుగపు చౌకులో పందెం ముగిస్తారు. ఒకప్పుడు వెనుకబాటుతనానికి గుర్తనుకున్న మట్టిరోడ్డు ఇవాళ ఆ జిల్లాకు పేరు, ఆదాయం రెండూ తెచ్చిపెడుతోంది. రోడ్డు వెడల్పు చేయడమే అభివృద్ధి అనుకునే మనకు ఇది ఆగి ఆలోచించాల్సిన సంగతి.

ఆ దారుల మీద తొక్కాలన్న కోరికతోనే ఒక మే నెలలో నేను సైకిల్ జట్టులో చేరాను.

జట్టు ఎలా నడుస్తుంది

ఇటలీలో సైకిల్ సెలవులు రెండు రకాలు. ఒకదానిలో కంపెనీవాళ్లు సైకిలు, మ్యాపు, హోటల్ గదులు ఏర్పాటు చేసి, మన పెట్టెలను ఊరి నుంచి ఊరికి వ్యానులో చేరవేస్తారు. తొక్కడం, దారి వెతుక్కోవడం మన పని. రెండోది గైడ్‌తో వెళ్లే జట్టు యాత్ర. పది పదిహేను మంది ఉంటారు. ఒక గైడ్ మనతో తొక్కుతుంటే ఇంకొకరు వ్యానులో వెంట వస్తారు. అందులో నీళ్లు, పళ్లు, ట్యూబులు, ఒకటో రెండో అదనపు సైకిళ్లు ఉంటాయి. ఎక్కలేనంత అలసట వస్తే సైకిల్‌ను వ్యానుకు ఎక్కించి ముందు సీట్లో కూర్చోవచ్చు. ఎవరూ ఏమీ అనరు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా ఓటు జట్టు యాత్రకే. ఖర్చు ఎక్కువే. కానీ భాష రాని పల్లెలో చైను తెగినా, వాన పట్టుకున్నా, రెస్టారెంటు తలుపు మూసి ఉన్నా చూసుకునే మనిషి పక్కన ఉండటం మామూలు ధైర్యం కాదు. పైగా ఆ గైడ్లు చాలామంది అదే నేల మీద పుట్టి పెరిగినవాళ్లు. ఏ ఇంట్లో జున్ను బాగుంటుందో, ఏ మలుపు దగ్గర కుక్క ఉరికి వస్తుందో వాళ్లకు తెలుసు.

మా జట్టులో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరు ఉన్నారు. ఇద్దరు కెనడా అక్కచెల్లెళ్లు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురితో కలిసి వచ్చిన విజయవాడ ఆవిడ ఒకరు. యాభై దాటిన మనిషి, చిన్నప్పుడు హైస్కూలుకు సైకిల్ మీదే వెళ్లారట. ‘‘పెళ్లయ్యాక ముట్టుకోలేదు బాబూ. పోయిన ఏడాది మా అమ్మాయి కొనిపెట్టింది. మళ్లీ మొదలెట్టా’’ అన్నారు మొదటిరోజు. ఆవిడది బ్యాటరీ సైకిల్. యూరప్ నిబంధనల ప్రకారం ఆ మోటారు 250 వాట్లు మించకూడదు, గంటకు 25 కి.మీ. వేగం దాటితే సాయం ఆగిపోవాలి, తొక్కితేనే పనిచేయాలి. అంటే అది మోపెడ్ కాదు. కాళ్లు కదలాల్సిందే, మిట్ట ఎక్కేటప్పుడు మాత్రం వెనుక నుంచి ఒక చెయ్యి నెట్టినట్టుంటుంది. బ్యాటరీ సైకిల్ తీసుకోవడం నామోషీ అనుకునేవాళ్లు మన సైక్లింగ్ క్లబ్బుల్లో చాలామంది ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇరవై ఏళ్ల కూతురూ యాభై ఏళ్ల తల్లీ ఒకే మిట్టను ఒకేసారి ఎక్కగలుగుతున్నారంటే అది ఆ మోటారు పుణ్యమే.

రోజూ తొమ్మిదింటికి బయల్దేరతాం. పదిహేను ఇరవై కి.మీ. తొక్కాక ఏదో ఊరి బార్ దగ్గర కాఫీ. ఇటలీలో బార్ అంటే ముందు కాఫీకొట్టు. కౌంటరు దగ్గర నిలబడి తాగితే చవక, టేబుల్ దగ్గర కూర్చుంటే చాలాచోట్ల ఎక్కువ వేస్తారు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి బస. రోజుకు నలభై, యాభై కి.మీ. అంతేనా అనిపిస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో వేసిన సైకిల్ ట్రాక్ మీద అంత దూరం తొక్కేవాళ్లు వేలల్లో ఉన్నారు. కానీ టస్కనీలో దూరం లెక్క పనికిరాదు. అక్కడ ప్రతి పాత ఊరూ కొండ నెత్తిన ఉంటుంది. పియెంజా 491 మీటర్ల ఎత్తున, మోంతల్చీనో 564, మోంతెపుల్చానో 605. పొద్దున ఒక కొండ దిగుతాం, లోయ దాటుతాం, మధ్యాహ్నానికి ఇంకో కొండ ఎక్కుతాం. కంపెనీవాళ్లు ఇచ్చే పట్టికలో కి.మీ. పక్కన రోజుకు మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో రాసి ఉంటుంది. చూడాల్సింది ఆ అంకె.

జట్టులో తొక్కడానికి కొన్ని పద్ధతులున్నాయి. వెనుక నుంచి కారు వస్తే చివరివాళ్లు ‘మాక్కినా’ అని కేక వేస్తారు, ఆ కేక మనిషి నుంచి మనిషికి ముందుకు పోతుంది. గుంట కనిపిస్తే ముందున్నవాళ్లు ‘బూకా’ అని అరిచి చేత్తో చూపిస్తారు. దారి చీలిన ప్రతిచోటా ఆగాలి, చివరి మనిషి వచ్చేదాకా ఎవరూ కదలకూడదు. ఈ చివరి నియమం వల్లే జట్టు జట్టుగా మిగులుతుంది. బలమున్నవాడు ముందుకెళ్లినా ఆగి చూడాల్సిందే. చివర వచ్చినవాళ్లకు ఊపిరి తీసుకునే సమయం ఇచ్చాకే మళ్లీ పెడల్ మీద కాలు పడుతుంది.

మనవాళ్లు ముఖ్యంగా జాగ్రత్త పడాల్సినవి రెండు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. తిన్నని రోడ్డు మీద గుర్తుంటుంది, మలుపు తిరిగిన వెంటనే మనసు పాత అలవాటుకు పోతుంది. రెండోది బ్రేకులు. మన సైకిళ్లకు ముందు చక్రం బ్రేకు కుడిచేతికి ఉంటుంది, అక్కడ ఎక్కువ సైకిళ్లకు ఎడమచేతికి ఉంటుంది. వాలులో కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే పడతారు. మొదటిరోజు సైకిల్ ఇచ్చినప్పుడే ఖాళీ స్థలంలో పదినిమిషాలు తిప్పి చెయ్యికి అలవాటు చేసుకోవాలి. పెద్దవాళ్లకు అక్కడి చట్టం హెల్మెట్ తప్పనిసరి చేయలేదు. అయినా పెట్టుకోండి.

ఎవరు చెక్కారు ఈ కొండలను

సియెనా నగర సభా భవనంలో 1338–39లో అంబ్రోజో లోరెంజెట్టి వేసిన కుడ్యచిత్రం ఒకటి ఉంది. మంచి పరిపాలన ఉంటే ఊరూ పల్లే ఎలా ఉంటాయో గోడ పొడవునా చూపించాడు. కోట తలుపు దాటగానే కొండల వరుసలు, ద్రాక్షతోటలు, కళ్లంలో ధాన్యం కొట్టే కూలీలు, బరువు మోస్తున్న గాడిదలు, పందిని సంతకు తోలుకొస్తున్న రైతు. యాత్ర మొదలవకముందే దాన్ని చూసి రావాలని గైడ్ పట్టుబట్టింది. మర్నాడు సియెనా దాటి దక్షిణానికి తొక్కుతుంటే ఎందుకో అర్థమైంది. గోడ మీది కొండలు ఎదురుగా ఉన్నాయి.

సియెనాకు ఆగ్నేయంగా పరుచుకున్న బూడిదరంగు బంకమట్టి దిబ్బలను ‘క్రేతె సెనేసీ’ అంటారు. ఇంకా దక్షిణానికి పోతే ఓర్చా నది లోయ, ‘వల్ దోర్చా’. దాని వెనుక 1,738 మీటర్ల అమియాతా పర్వతం, ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం. క్యాలెండర్ల మీద, కంప్యూటర్ తెరల మీద మనం చూసే ఇటలీ చాలావరకు ఇదే. ‘గ్లాడియేటర్’ సినిమాలో గోధుమ చేలు ఇక్కడివే. మే నెలలో గోధుమ పచ్చగా ఉంటుంది, మధ్యమధ్య ఎర్రటి గసగసాల పూలు. జూన్ చివరికి బంగారు రంగు, కోతలయ్యి దున్నాక మళ్లీ బూడిదరంగు. ఒకే కొండ ఏడాదికి మూడు రంగులు మారుతుంది.

చూసినవాళ్లందరూ ప్రకృతి అందం అంటారు. అందులో ప్రకృతి పాలు తక్కువ, మనుషుల పాలు ఎక్కువ. 2004లో యునెస్కో వల్ దోర్చాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా మనుషులు మలిచిన నేలగానే. సైకిల్ మీద మెల్లగా ఎక్కుతుంటే ఆ పని కంటికి కనబడుతుంది: వాననీరు మట్టిని కోసుకుపోకుండా తీసిన కాలువలు, గట్లకు పేర్చిన రాళ్లు, గాలికి అడ్డంగా నాటిన సైప్రస్ వరుసలు. కారులో పోయేవాళ్లకు ఇవేవీ కనబడవు. అరవై కి.మీ. వేగంలో కాలువ ఒక గీత, గట్టు ఒక మసక.

ఆ పని చేసింది ఎవరో తెలుసుకోవాలంటే బూవోన్‌కోన్వెంతో అనే ఊళ్లో ఆగాలి. సియెనా ప్రాంతపు పాలుసేద్యం మీద అక్కడ ఒక మ్యూజియం ఉంది. పాత నాగళ్లు, బుట్టలు, ద్రాక్ష తొక్కే తొట్లు, ఖాతా పుస్తకాలు. టస్కనీలో 1950ల దాకా సేద్యం దాదాపుగా ‘మెజ్జద్రియా’ పద్ధతిలోనే సాగింది. నేల, ఇల్లు దొరవి. ఒళ్లు, వేళ్లు రైతు కుటుంబానివి. పండినదాంట్లో సగం దొరకు కొలవాలి. రైతు ఇంట్లో పెళ్లి జరగాలన్నా దొర ఒప్పుకోవాల్సిన రోజులున్నాయి. ఇప్పుడు టూరిస్టులు ఫొటోలు దిగే రాతి ఇళ్లన్నీ అప్పటి పాలికాపుల ఇళ్లే. కింద గొడ్లు, పైన మనుషులు, బయటి నుంచి మెట్లు. చలికాలంలో కింది ఎద్దుల వేడే పైవాళ్లకు వెచ్చదనం. పాలుకు చేసుకోవడం, కోరుకు ఇవ్వడం తెలిసిన మన పల్లెలవాళ్లకు ఈ మ్యూజియంలో వివరణ పలకలు చదవాల్సిన అవసరం కూడా ఉండదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ కుటుంబాలు ఓపిక పట్టలేదు. ఫ్యాక్టరీలున్న ఊళ్లకు తరలిపోయాయి. 1964లో కొత్తగా మెజ్జద్రియా ఒప్పందాలు రాసుకోవడాన్ని ఇటలీ చట్టం నిషేధించింది. అప్పటికే వేల ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఖాళీ అయిన ఆ పొలాలకు సార్దీనియా ద్వీపం నుంచి గొర్రెల కాపరులు మందలతో వచ్చారు. పియెంజా పేరుతో ఇవాళ లోకమంతా అమ్ముడుపోయే గొర్రెపాల జున్ను ‘పెకోరీనో’ నిలబడిందంటే అందులో ఆ వలస కాపరుల చేతులున్నాయి. 1985లో రైతు తన ఇంట్లో అతిథులను పెట్టుకుని భోజనం పెట్టడానికి వీలు కల్పించే చట్టం వచ్చింది. ‘అగ్రితూరిజ్మో’ అనే ఆ ఏర్పాటులోనే మా జట్టు ఎక్కువ రాత్రులు బస చేసింది. ఒకప్పుడు ఎద్దుల కొట్టం, ఇప్పుడు భోజనాల గది. చట్టం ప్రకారం అక్కడ సేద్యమే ప్రధానంగా ఉండాలి, అతిథులు దానికి తోడు. నిజంగా పొలం చేసుకునే ఇల్లేదో, బోర్డు మాత్రమే పెట్టుకున్న హోటలేదో పొద్దున్నే బయటికి నడిస్తే తెలిసిపోతుంది.

నేటి మాట కూడా చెప్పుకోవాలి. ఇటలీ పొలాల్లో ఇప్పుడు చెమటోడుస్తున్నవాళ్లలో మనదేశం వాళ్లు చాలామంది. ఉత్తరాన పో నది మైదానంలో జున్ను తయారీకి పాలిచ్చే ఆవుల పాకల్లో పంజాబీలు పనిచేస్తున్నారు. నొవెల్లారాలో వాళ్లు కట్టుకున్న పెద్ద గురుద్వారా ఉంది. రోమ్‌కు దక్షిణాన లాతీనా పొలాల్లోనూ వాళ్లే. 2024 జూన్‌లో అక్కడ సత్నాం సింగ్ అనే కూలీ చెయ్యి యంత్రంలో పడి తెగిపోతే, పనిలో పెట్టుకున్నవాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లకుండా అతని ఇంటి ముందు వదిలేసి పోయారు. అతను చనిపోయాడు. ఇటలీ అంతటా నిరసనలు చెలరేగాయి. ఆ పల్లెల అందాన్ని మెచ్చుకునేవాళ్లం ఈ పేరును కూడా గుర్తుపెట్టుకోవాలి.

యుద్ధం నడిచిన దారి

వల్ దోర్చాలో అన్నిటికంటే ఎక్కువ ఫొటోలకెక్కిన మెలికల దారి, రెండువైపులా సైప్రస్ చెట్లతో పాములా కొండెక్కే దారి, లా ఫోచె అనే ఎస్టేటు దగ్గర ఉంది. 1920లలో ఐరిస్ ఒరీగో, ఆమె భర్త అంతోనియో ఈ బీడు నేలను కొని బాగుచేశారు. రోడ్లు, పాఠశాల, రైతుల ఇళ్లు కట్టించారు. 1943–44లో యుద్ధం ఆ లోయలోకే వచ్చినప్పుడు ఐరిస్ బాంబులకు ఇళ్లు పోయిన పిల్లలకు ఆశ్రయమిచ్చింది. చెర నుంచి తప్పించుకొచ్చిన మిత్రరాజ్యాల యుద్ధఖైదీలకు అన్నం పెట్టింది. 1944 జూన్‌లో గుళ్లు పడుతుండగా పసిపిల్లలను వెంటేసుకుని మోంతెపుల్చానో దాకా నడిపించింది. ఆ రోజులను ఆమె డైరీగా రాసింది, 1947లో పుస్తకంగా వచ్చింది. మేం బ్యాటరీలు, గేర్లు ఉన్న సైకిళ్ల మీద ఆ కొండను ఎక్కడానికి ఆయాసపడ్డాం. చంకలో పిల్లలతో, మందుపాతరలు తప్పించుకుంటూ నడిచినవాళ్ల సంగతి అక్కడ ఆగినప్పుడు ఆ గైడే చెప్పింది.

ఆ యుద్ధంలో మనవాళ్లూ ఉన్నారు. భారత సైన్యం 4, 8, 10 డివిజన్లు ఇటలీలో పోరాడాయి. ఫ్లోరెన్స్ దగ్గర మోంతెగుఫోని కోటలో దాచిన ఉఫీజి మ్యూజియం చిత్రాలకు, వాటిలో బొట్టిచెల్లి ‘ప్రిమవేరా’కు, 1944 వేసవిలో కాపలా కాసింది మరాఠా సైనికులు. పక్కనున్న ఉంబ్రియాలో మోంతోనె అనే ఊళ్లో యశ్వంత్ ఘాడ్గే పేరిట నీడగడియారం స్మారకంగా నిలిపారు. 1944 జూలైలో అక్కడికి దగ్గర్లో ప్రాణాలిచ్చి విక్టోరియా క్రాస్ పొందిన యువకుడాయన. వంతెనలు కట్టి, మందుపాతరలు తీసి సైన్యానికి దారిచ్చిన దళాల్లో మద్రాస్ సాపర్లున్నారు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల నుంచి కూడా ఆ దళంలో చేరేవారు. అరెజ్జో, ఫ్లోరెన్స్, ఫోర్లీల్లో ఉన్న యుద్ధ శ్మశానాల్లో భారత సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. మీ యాత్ర ఆ పక్కగా పోతుంటే గంటసేపు కేటాయించమని గైడ్‌ను అడగండి.

సైకిల్‌కూ ఆ యుద్ధంలో ఒక కథ ఉంది. జీనో బార్తాలీది ఫ్లోరెన్స్ శివారు పోంతె ఆ ఎమా. 1938లోనూ, మళ్లీ పదేళ్లకు 1948లోనూ టూర్ దె ఫ్రాన్స్ గెలిచిన మహా సైక్లిస్టు. 1943–44లో ప్రాక్టీసు పేరుతో ఫ్లోరెన్స్ నుంచి అస్సీసీ దాకా తొక్కేవాడు. సైకిల్ గొట్టాల్లో యూదుల కోసం తయారుచేసిన దొంగ గుర్తింపు కాగితాలు చుట్టి ఉండేవి. సైనికులు ఆపితే, సైకిల్ భాగాలు చాలా జాగ్రత్తగా బిగించుకున్నానని, ముట్టుకోవద్దని చెప్పేవాడట. బతికున్నన్నాళ్లూ దీని గురించి గొప్ప చెప్పుకోలేదు. ఆయన పోయాక, 2013లో, ఇజ్రాయెల్ సంస్థ యాద్ వషెమ్ ఆయనను గౌరవించింది. పోంతె ఆ ఎమాలో ఆయన పేరిట సైకిల్ మ్యూజియం ఉంది. ఫ్లోరెన్స్‌లో దిగిన సైకిల్ ప్రియులు చూడకుండా రాకూడని చోటు.

ఆకలి, అన్నం, ఆవకాయ

నాలుగు గంటలు మిట్టలెక్కాక పడే ఆకలి వేరు. టస్కనీ తిండి రైతుల తిండి. రొట్టెలో ఉప్పు ఉండదు; పక్కన జున్నో, టమాటా గుజ్జో ఉంటేనే దానికి రుచి. మిగిలిపోయిన రొట్టెతోనే సగం వంటలు. రొట్టె, చిక్కుడు గింజలు, నల్ల ఆకుకూర కలిపి మళ్లీ మళ్లీ మరిగించే ‘రిబొల్లీతా’ ఒకటి, టమాటాతో మెత్తగా ఉడికించే ‘పప్పా అల్ పొమొదోరో’ ఇంకొకటి. గోధుమపిండి, నీళ్లు కలిపి చేత్తో పాముతూ సాగదీసే లావుపాటి పాస్తా ‘పీచి’. పెద్ద వెల్లుల్లితో చేసిన టమాటా పులుసు దానిమీద పోస్తారు. ఒక రాత్రి బసలో ఇంటావిడ మాచేత కూడా పిండి పామించింది. విజయవాడ ఆవిడ చెయ్యి పడగానే పీచి సన్నగా, సమంగా వచ్చింది. ‘‘జంతికలకు చెయ్యి తిరిగినవాళ్లం కదండీ’’ అన్నారు. భాష తెలియకపోయినా ఇంటావిడ ఆమె పక్కన్నుంచి కదల్లేదు.

శాకాహారులు రెండు సంగతులు తెలుసుకుని వెళ్లాలి. పర్మేజాన్ జున్ను దూడ కడుపులోంచి తీసిన ద్రవ్యంతోనే తోడుకుంటుంది, పెకోరీనోకు కూడా ఎక్కువగా దూడదో గొర్రెపిల్లదో వాడతారు. అది కూడదనుకునేవాళ్లు ముందే చెప్పాలి. రిబొల్లీతాలో కొన్నిచోట్ల పందిమాంసం ముక్క వేస్తారు, అడిగి తినాలి. చాలా రెస్టారెంట్లు రాత్రి ఏడున్నరకు ముందు తెరవరు. పల్లెల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర, నాలుగు దాకా కొట్లు మూసేస్తారు. అందుకే పొద్దున్నే పళ్లు, బిస్కెట్లు కొని జేబులో పెట్టుకోవాలి. బిల్లులో ‘కోపెర్తో’ అని కనబడేది కూర్చున్నందుకు మనిషికింత వేసే రుసుము. ఆవకాయ తీసుకెళ్లొచ్చు. పాలకోవా, నెయ్యి, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. ఇతర దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది.

వైన్ తాగేవాళ్లకు కియాంతి, బ్రూనెల్లో పేర్లు నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం గ్లాసు ఒకటి దాటితే మిగిలిన దారి ప్రమాదం, అంతవరకే చెప్తాను.

అలసిన కాళ్లకు ఆ నేలలోనే మందుంది. బాన్యో విన్యోనీ అనే ఊళ్లో ఊరి చౌకు ఉండాల్సిన చోట వేడినీటి కొలను ఉంది. భూమిలోంచి ఆవిర్లు కక్కుతూ వచ్చే నీళ్లు. అందులో దిగనివ్వరు. కొలను దాటి పారే కాలువల్లో మాత్రం పాదాలు పెట్టుకుని కూర్చోవచ్చు. మా జట్టు అంతా వరుసగా కూర్చున్నాం. కొద్దిరోజుల కిందటే కలిసిన మనుషులు అంత దగ్గరవడం బస్సు టూర్లలో నేను చూడలేదు. కలిసి ఆయాసపడటం, కలిసి దాహం తీర్చుకోవడం చాలా తొందరగా మనుషులను కలుపుతాయి. జట్టుగా వెళ్లమని చెప్పడానికి ఇదే నా అసలు కారణం.

వెళ్లాలనుకుంటే

వెళ్లడానికి మంచి కాలం ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు. జూలై, ఆగస్టు ఎండలు మన ఎండలకు అలవాటుపడ్డవాళ్లను కూడా మిట్ట మీద కుంగదీస్తాయి. జూలై 2, ఆగస్టు 16 చుట్టుపక్కల సియెనాలో ‘పాలియో’ గుర్రప్పందేలు, గదులు దొరకవు.

షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు చేయాలి. ఆఖరి వారాల దాకా ఆగొద్దు, అపాయింట్‌మెంటే దొరకదు. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. అందులో సైకిల్ తొక్కుతూ పడితే కూడా వర్తిస్తుందో లేదో పాలసీ చదివి చూసుకోండి. టూర్ డబ్బు కట్టేముందు అడగాల్సినవి: సైకిల్ అద్దె కలిసే ఉందా, బ్యాటరీ సైకిల్‌కు ఎంత ఎక్కువ, రాత్రి భోజనాలు ఎన్ని, ఒంటరిగా వచ్చేవారికి గదికి అదనంగా ఎంత, రోజుకు ఎన్ని మీటర్ల ఎక్కుడు. వీసా రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి.

సామానులో ముఖ్యమైనది మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు. రెండు తీసుకెళ్లండి. అలవాటైన సీటు ఉంటే అది విప్పి పట్టుకెళ్లొచ్చు, అక్కడి సైకిల్‌కు బిగిస్తారు. వానకోటు, చిన్న లైటు, మెరిసే జాకెట్టు కావాలి. ఊరి బయట చీకటిపడ్డాక, సొరంగాల్లోనూ ఆ జాకెట్టు లేకుండా సైకిల్ తొక్కడం అక్కడ నిబంధనలకు విరుద్ధం. ఊళ్లలో కుళాయి మీద ‘నొన్ పొతాబిలె’ అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగొద్దు. ఆపదలో 112.

కొండలంటే జంకేవాళ్లకు ఇటలీలో చదును నేల కూడా ఉంది. పెస్కియెరా నుంచి మాంతువా దాకా మీంచో నది వెంట సైకిల్ బాట, ఆదిజె లోయలో ఆపిల్ తోటల మధ్య సాగే బాట, పాత కోటగోడల చుట్టూ సైకిళ్లే తిరిగే ఫెరారా నగరం. మొదటిసారికి అవీ మంచివే. కానీ కాలి బలం కొంచెం ఉన్నా సరే, టస్కనీనే ఎంచుకోండి.

ఆ బలం ఇక్కడే కూడబెట్టుకోవాలి. హైదరాబాద్‌వాళ్లకు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలున్నాయి, విశాఖవాళ్లకు సింహాచలం ఘాట్ రోడ్డు, కైలాసగిరి. ప్రయాణానికి కనీసం మూడు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు తొక్కండి, అందులో ఒకరోజు తప్పకుండా మిట్ట ఎక్కండి. ఇంట్లో ఎప్పుడో సైకిల్ తొక్కి మానేసిన అమ్మో, అక్కో, పిన్నో ఉంటే వాళ్లనూ ఈ ఆదివారం వెంట తీసుకెళ్లండి. వచ్చే సెప్టెంబరు జట్టులో మీతో పాటు వాళ్ల పేరూ రాయించండి.